46 సిస్టమ్స్‌లో అందరూ అడ్మిన్లే: పని ఆగకుండా రైట్స్ ఎలా తీసేయాలి?

మిర్చియార్డ్_ఐటీ అడిగారు:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక మిర్చి ఎగుమతుల ఆఫీసు. 38 డెస్క్‌టాప్‌లు, 8 ల్యాప్‌టాప్‌లు, అన్నీ విండోస్ 11 ప్రో. డొమైన్ కంట్రోలర్లు (ఆఫీసు లాగిన్లన్నీ చూసుకునే సర్వర్లు) రెండు, రెండూ విండోస్ సర్వర్ 2019. ఫంక్షనల్ లెవెల్ 2016.

ఇదివరకు చూసినవాళ్లు ప్రతి సిస్టమ్‌లోనూ లోకల్ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో డొమైన్ యూజర్స్ గ్రూపునే చేర్చేశారు. ఎవరు ఎక్కడ లాగిన్ అయినా అడ్మినే. దానికి తోడు అన్ని సిస్టమ్స్‌లోనూ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ అడ్మిన్ అకౌంట్ ఉంది. ఆ పాస్‌వర్డ్ ఆఫీసులో సగం మందికి తెలుసు.

ఇదంతా సర్దాలి. ముందు గోడౌన్‌లో కాటా దగ్గరి సిస్టమ్ మీద ప్రయత్నం చేశాను. అడ్మిన్ రైట్స్ తీసేశాక కాటా సాఫ్ట్‌వేర్ (పాత విజువల్ బేసిక్ 6 ప్రోగ్రామ్, ఎండీబీ అనే యాక్సెస్ డేటాబేస్ ఫైల్) ఏ ఎర్రరూ ఇవ్వకుండా తెరుచుకుంది, బరువు కూడా పడింది. కానీ పొద్దున షిఫ్ట్ అబ్బాయి తీసిన స్లిప్పులు సాయంత్రం షిఫ్ట్ లాగిన్‌లో కనిపించడం లేదు. 4813 నంబరు స్లిప్పు రెండు వేర్వేరు లారీలకు పడింది. వెంటనే రైట్స్ మళ్లీ ఇచ్చేశాను.

ఇవి కాక:
– షేర్డ్ ప్రింటర్ కలపాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది.
– అకౌంట్స్‌లో ముగ్గురికి డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్లు ఉన్నాయి. వాళ్లకు అడ్మిన్ రైట్స్ తప్పనిసరా?
– ఎండీగారు, జీఎంగారు "మా ల్యాప్‌టాప్‌లు మా ఇష్టం" అంటున్నారు.

ఏది ముందు చేయాలి, ఏది తర్వాత?

జీపీవో_గోదారి:

మీ ప్రశ్నలో అసలు ప్రమాదం కాటా కాదండీ, డొమైన్ యూజర్స్‌ని అడ్మినిస్ట్రేటర్స్‌లో పెట్టడం. దానివల్ల ఒక్కొక్కరు తమ సిస్టమ్‌కి మాత్రమే అడ్మిన్ కాలేదు, 46 సిస్టమ్స్‌కీ అడ్మిన్ అయ్యారు. కాటా దగ్గర కూర్చున్న అబ్బాయి \\ఎండీ-ల్యాప్‌టాప్\సీ$ అని టైప్ చేస్తే ఎండీగారి డ్రైవ్ మొత్తం తెరుచుకుంటుంది. ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్ మూసి ఉంటే తప్ప ఆపేదేమీ లేదు. ర్యాన్సమ్‌వేర్ ఒక సిస్టమ్‌లోకి దూరితే మిగతా 45కి పాకడానికి ఆ ఒక్క లాగిన్ చాలు.

అయినా తొందరపడి తీసేయకండి. వరుస ఇదీ.

ముందు లెక్క. ఏ సిస్టమ్‌లో ఎవరెవరు అడ్మిన్లో రాసుకోవాలి. క్లయింట్ విండోస్‌లో విన్‌ఆర్‌ఎం (రిమోట్‌గా ఆదేశాలు అందుకునే సర్వీస్) మామూలుగా ఆన్‌లో ఉండదు కాబట్టి రిమోట్‌గా అడగడం కన్నా స్టార్టప్ స్క్రిప్ట్ తేలిక. అందులో ఒక్క లైను చాలు: నెట్ లోకల్‌గ్రూప్ అడ్మినిస్ట్రేటర్స్ > \\సర్వర్\ఆడిట్$\%కంప్యూటర్‌నేమ్%.టీఎక్స్‌టీ. స్టార్టప్ స్క్రిప్ట్ సిస్టమ్ అకౌంట్ మీద నడుస్తుంది, నెట్‌వర్క్‌లో కంప్యూటర్ అకౌంట్‌గా కనిపిస్తుంది. అందుకని ఆ షేర్ మీద డొమైన్ కంప్యూటర్స్ గ్రూపుకి రాసే పర్మిషన్ ఇవ్వాలి. యూజర్లకు ఇచ్చి, ఫైళ్లు రావడం లేదేమిటా అని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

పవర్‌షెల్‌లో గెట్-లోకల్‌గ్రూప్‌మెంబర్ వాడితే ఒక చిక్కుంది. ఎప్పుడో డిలీట్ చేసిన యూజర్ ఎస్‌ఐడీ (విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) గ్రూపులో అనాథగా మిగిలి ఉంటే "ఫెయిల్డ్ టు కంపేర్ టూ ఎలిమెంట్స్ ఇన్ ది అర్రే" అని ఆగిపోతుంది. మనుషులు మారుతూ ఉండే ఆఫీసుల్లో ఇలాంటివి తప్పక ఉంటాయి. నెట్ లోకల్‌గ్రూప్‌కి ఆ బాధ లేదు.

రెండోది ల్యాప్స్, అంటే ఒక్కో సిస్టమ్‌లోని లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ని విడివిడిగా, తనంతట తానే మార్చే విండోస్ సదుపాయం. అందరి రైట్సూ తీసేశాక ఏ సిస్టమ్‌కైనా డొమైన్‌తో ట్రస్ట్ తెగిందనుకోండి, లోపలికి వెళ్లడానికి మీ చేతిలో ఒక లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండాలి. అది 46 చోట్లా ఒకటే కాకూడదు. 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి విండోస్ ల్యాప్స్ విండోస్‌లోనే వస్తోంది, ప్రోలో కూడా. 2015 నాటి పాత ఎంఎస్‌ఐ ప్యాకేజీ వెతుక్కుని ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

స్కీమా అడ్మిన్స్‌లో ఉన్న అకౌంట్‌తో అప్‌డేట్-ల్యాప్స్‌ఏడీస్కీమా ఒక్కసారి నడపండి. తర్వాత సెట్-ల్యాప్స్‌ఏడీకంప్యూటర్‌సెల్ఫ్‌పర్మిషన్‌కి కంప్యూటర్లున్న ఓయూ (డొమైన్‌లో కంప్యూటర్లను విడదీసి పెట్టుకునే ఫోల్డర్ లాంటిది) పేరు ఇవ్వండి. కంప్యూటర్లు ఇంకా డిఫాల్ట్ కంప్యూటర్స్ కంటైనర్‌లోనే ఉంటే ముందు ఓయూలోకి మార్చాలి, ఆ కంటైనర్‌కి జీపీవో (గ్రూప్ పాలసీ సెట్టింగుల మూట) లింక్ కాదు. పాలసీ కంప్యూటర్ కాన్ఫిగరేషన్ → పాలసీస్ → అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్ → సిస్టమ్ → ల్యాప్స్‌లో ఉంటుంది. అక్కడ కనిపించకపోతే మీ డొమైన్‌లో సెంట్రల్ స్టోర్ (పాలసీ టెంప్లేట్లను ఒకేచోట ఉంచే ఫోల్డర్) ఉన్నట్టు. సీ\విండోస్\పాలసీడెఫినిషన్స్ నుంచి ల్యాప్స్.ఏడీఎంఎక్స్‌నీ, దాని ఏడీఎంఎల్‌నీ మీరే కాపీ చేసుకోవాలి.

బ్యాకప్ డైరెక్టరీ: యాక్టివ్ డైరెక్టరీ (ఏడీ, అంటే డొమైన్ యూజర్లు, కంప్యూటర్ల వివరాలుండే చోటు). పొడవు డిఫాల్ట్ 14, గడువు 30 రోజులు, అలాగే ఉండనివ్వండి. మీ ఫంక్షనల్ లెవెల్ 2016 కాబట్టి పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్ట్ అయి నిల్వ ఉంటుంది. ఇక్కడొక మెలిక: డీక్రిప్ట్ చేసే హక్కు డిఫాల్ట్‌గా డొమైన్ అడ్మిన్స్‌దే. సపోర్ట్ వాళ్లకు ఓయూ మీద చదివే పర్మిషన్ ఇచ్చినా పాస్‌వర్డ్ కనిపించదు. ఆథరైజ్డ్ పాస్‌వర్డ్ డీక్రిప్టర్స్ సెట్టింగ్‌లో మీ సపోర్ట్ గ్రూపు పేరు పెట్టాలి.

ఇక తీసేయడం. రెండు దారులున్నాయి. రిస్ట్రిక్టెడ్ గ్రూప్స్‌లో "మెంబర్స్" లిస్ట్ నింపితే పాతవన్నీ తుడిచేసి మీరు రాసిందే ఉంచుతుంది, "మెంబర్ ఆఫ్" నింపితే పాతవి ముట్టుకోకుండా కొత్తవి కలుపుతుంది. ఈ రెండింటి తేడా తెలియక కొంపలు మునుగుతాయి. నా ఓటు గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌కి: కంప్యూటర్ కాన్ఫిగరేషన్ → ప్రిఫరెన్సెస్ → కంట్రోల్ ప్యానెల్ సెట్టింగ్స్ → లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్. యాక్షన్ అప్‌డేట్. గ్రూప్ పేరు టైప్ చేయకుండా డ్రాప్‌డౌన్‌లో "అడ్మినిస్ట్రేటర్స్ (బిల్ట్-ఇన్)" ఎంచుకోండి. "డిలీట్ ఆల్ మెంబర్ యూజర్స్", "డిలీట్ ఆల్ మెంబర్ గ్రూప్స్" రెండూ టిక్ చేసి, కింద పీసీ-సపోర్ట్ లాంటి మీ గ్రూపును కలపండి. బిల్ట్-ఇన్ అడ్మినిస్ట్రేటర్‌ని ఇది తీయలేదు, భయం లేదు.

ఏదో ఒక సిస్టమ్‌కి మాత్రమే ఎవరికైనా రైట్స్ కావాలంటే రెండో ఐటమ్‌గా, డిలీట్ టిక్‌లు లేకుండా, డొమైన్\పీసీఅడ్మిన్-%కంప్యూటర్‌నేమ్% అని మెంబర్‌ని కలపండి. ఆ పేరుతో ఏడీలో గ్రూపు ఉంటే దానికే వర్తిస్తుంది. గ్రూపు లేని సిస్టమ్స్‌లో అప్లికేషన్ లాగ్‌లో 4098 వార్నింగ్ పడుతూ ఉంటుంది. అది చికాకైతే ఐటమ్-లెవెల్ టార్గెటింగ్ పెట్టండి.

ఒక్క మాట గట్టిగా: ఈ జీపీవోని డొమైన్ రూట్‌కి లింక్ చేయొద్దు. డొమైన్ కంట్రోలర్ మీద "అడ్మినిస్ట్రేటర్స్" అంటే డొమైన్ మొత్తానికి అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపే. అక్కడ డిలీట్ టిక్ పనిచేస్తే ఆ రోజు మీకు ఇంటికెళ్లే దారి ఉండదు. వర్క్‌స్టేషన్ల ఓయూకే లింక్ చేయండి, ముందు రెండు మూడు సిస్టమ్స్ ఉన్న పైలట్ ఓయూకి.

ఆ పాత కామన్ అకౌంట్ పాస్‌వర్డ్ ఎలా పెట్టారో కూడా చూడండి. జీపీవో ప్రిఫరెన్సెస్‌తో పెట్టి ఉంటే అది డొమైన్ కంట్రోలర్లలో పాలసీలుండే షేర్డ్ ఫోల్డర్ సిస్‌వాల్‌లో గ్రూప్స్.ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో సీపాస్‌వర్డ్ పేరుతో ఉంటుంది. దాన్ని విప్పే ఏఈఎస్ కీ మైక్రోసాఫ్టే తన డాక్యుమెంటేషన్‌లో పెట్టేసింది, సిస్‌వాల్‌ని ప్రతి డొమైన్ యూజరూ చదవగలడు. 2014 మే ప్యాచ్ (ఎంఎస్14-025) కొత్తగా అలా పాస్‌వర్డ్‌లు పెట్టనివ్వకుండా ఆపింది గానీ పాతవాటిని చెరపలేదు. సిస్‌వాల్ పాలసీస్ ఫోల్డర్‌లో ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లన్నిటిలో ఫైండ్‌ఎస్‌టీఆర్‌తో "సీపాస్‌వర్డ్" అనే పదం వెతకండి. దొరికితే ఆ ఐటమ్ తీసేసి, ఆ పాస్‌వర్డ్ లోకానికి తెలిసిపోయిందనే లెక్కతో మార్చండి.

ప్రాక్‌మాన్_పంతులు:

కాటా సంగతి నేను చెప్తాను. 4813 రెండుసార్లు పడటానికి కారణం యూఏసీ (అడ్మిన్ హక్కు కావాల్సిన పనికి అడ్డుపడి అడిగే విండోస్ కాపలా) వర్చువలైజేషన్.

మ్యానిఫెస్ట్ (ఏ హక్కులు కావాలో విండోస్‌కి చెప్పే వివరం) లేని పాత 32-బిట్ ప్రోగ్రామ్ మామూలు యూజర్ కింద నడుస్తూ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, విండోస్ దాన్ని కాదనదు. చప్పుడు చేయకుండా ఆ ఫైల్‌ని యూజర్ ప్రొఫైల్‌లోకి కాపీ చేసి అందులో రాయనిస్తుంది. ప్రోగ్రామ్‌కి అసలు చోటే రాస్తున్నాననే భ్రమ. అందుకే ఎర్రర్ రాలేదు. పొద్దున అబ్బాయికి ఒక ఎండీబీ, సాయంత్రం అబ్బాయికి ఇంకో ఎండీబీ తయారయ్యాయి. ఇద్దరూ 4812 దగ్గర ఉన్న అసలు ఫైల్ నుంచే విడిపోయారు కాబట్టి ఇద్దరి తర్వాతి స్లిప్పూ 4813.

ఆ కాపీలు ఇప్పటికీ ఇక్కడ ఉంటాయి: సీ\యూజర్స్\యూజర్‌పేరు\యాప్‌డేటా\లోకల్\వర్చువల్‌స్టోర్\ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86)\ కింద కాటా ఫోల్డర్ పేరుతో. వాటిని డిలీట్ చేయకండి, ఆ రోజు స్లిప్పులు వాటిలోనే ఉన్నాయి. మూడు ఎండీబీలనూ (అసలుది, ఇద్దరివీ) వేరే చోటకి కాపీ చేసుకుని, అసలు ఫైల్‌లో లేని రికార్డులను యాక్సెస్‌లో అపెండ్ చేయండి. రెండో 4813కి కొత్త నంబరు ఇచ్చి, లారీ రసీదు మీద కూడా చేత్తో దిద్దించాలి, లేకపోతే ఆడిట్‌లో దొరుకుతుంది.

అదే సంగతో కాదో తేల్చుకోవడానికి టాస్క్ మేనేజర్ → డీటెయిల్స్ ట్యాబ్‌లో కాలమ్ హెడర్ మీద రైట్ క్లిక్ చేసి "యూఏసీ వర్చువలైజేషన్" కాలమ్ కలపండి. కాటా ప్రోగ్రామ్ ఎదురుగా ఎనేబుల్డ్ అని ఉంటే ఇదే.

పరిష్కారం: యూజర్‌కి రైట్స్ కాదు, డేటా ఫోల్డర్‌కి పర్మిషన్ ఇవ్వాలి.

ప్రోగ్రామ్ ఐఎన్‌ఐ ఫైల్‌లో డేటాబేస్ పాత్ మార్చుకునే వీలుంటే ఎండీబీని సీ\కాటాడేటాకి మార్చండి. సీ డ్రైవ్ రూట్‌లో కొత్తగా చేసిన ఫోల్డర్‌కి ఆథెంటికేటెడ్ యూజర్స్ మాడిఫై పర్మిషన్ డిఫాల్ట్‌గానే వస్తుంది. ఎవరైనా బిగించి ఉంటే ఐక్యాకిల్స్ సీ\కాటాడేటా /గ్రాంట్ యూజర్స్:(ఓఐ)(సీఐ)ఎం.

పర్మిషన్ ఎండీబీ ఫైల్ ఒక్కదానికీ ఇచ్చి ఊరుకోవద్దు. ఎండీబీ తెరవగానే దాని పక్కనే ఎల్‌డీబీ అనే లాక్ ఫైల్ తయారవుతుంది, చివరి మనిషి మూసేయగానే పోతుంది. ఫోల్డర్‌లో ఫైల్ సృష్టించే, చెరిపే హక్కు లేకపోతే ఆ లాక్ ఫైల్ పుట్టదు. అప్పుడు ఒకరు తెరిస్తే రెండోవారికి తెరుచుకోకపోవడమో, రీడ్-ఓన్లీ అనడమో జరుగుతుంది.

పాత్ మార్చే వీలే లేదు, ఎండీబీ ఈఎక్స్‌ఈ పక్కనే ఉండాలంటుందనుకోండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ ఫోల్డర్‌కి మాడిఫై ఇచ్చేయడం అందరూ చేసే పని, నాకు నచ్చదు. ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్‌లో యూజర్ రాయగలిగితే ఆ ఈఎక్స్‌ఈనే మార్చేయగలడు, పక్కన ఒక డీఎల్‌ఎల్ పడేయగలడు. రేపు ఏ అడ్మినో దాన్ని "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అంటే కథ మొదటికొస్తుంది. తప్పనిసరైతే ప్రోగ్రామ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ బయట విడి ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి, దాన్ని ఎప్పుడూ అడ్మిన్‌గా నడపొద్దని సపోర్ట్ వాళ్లకు చెప్పండి. దానికి సర్వీస్ ఏదైనా ఉండి సిస్టమ్ అకౌంట్ కింద నడుస్తుంటే ఈ దారి అసలే పనికిరాదు.

పర్మిషన్ ఇచ్చాక వర్చువల్‌స్టోర్‌లోని పాత కాపీ పేరు మార్చడం మరిచిపోవద్దు. అది అక్కడే ఉంటే ఆ యూజర్‌కి ప్రోగ్రామ్ ముందు దాన్నే చూపిస్తుంది. "పర్మిషన్ ఇచ్చినా పాత స్లిప్పులే కనిపిస్తున్నాయి" అనే ఫిర్యాదు ఇక్కడి నుంచే వస్తుంది.

మిగతా సాఫ్ట్‌వేర్లకు ప్రాసెస్ మానిటర్ (ప్రోగ్రామ్ ఏ ఫైళ్లను ముడుతోందో చూపే మైక్రోసాఫ్ట్ టూల్) వాడండి. మామూలు యూజర్‌గా లాగిన్ అయ్యి, ప్రాసెస్ మానిటర్‌ని మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్‌తో తెరిచి రెండు ఫిల్టర్లు పెట్టండి: ప్రాసెస్ నేమ్ ఫలానా ఈఎక్స్‌ఈ, రిజల్ట్ "యాక్సెస్ డినైడ్". ప్రోగ్రామ్‌లో ఎర్రర్ వచ్చే బటన్ నొక్కండి. వచ్చిన లైన్లన్నిటికీ పర్మిషన్లు పంచేయకండి. చాలా ప్రోగ్రాములు ముందు పూర్తి హక్కుతో అడిగి, కాదంటే చదివే హక్కుతో మళ్లీ అడిగి, నడిచిపోతాయి. ఎర్రర్ డబ్బా వచ్చిన క్షణానికి సరిగ్గా ముందున్న లైనే మీకు కావలసింది.

ఊరికే అడ్మిన్ అడిగే ప్రోగ్రాములు కొన్నుంటాయి, లోపల అవసరమేమీ ఉండదు. వాటికి ఒక బ్యాచ్ ఫైల్‌లో సెట్ __కంపాట్_లేయర్=రన్‌యాజ్‌ఇన్‌వోకర్ అని రాసి, కింది లైనులో ఈఎక్స్‌ఈని స్టార్ట్ చేస్తే పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకుంటుంది. ఇది రైట్స్ ఏమీ ఇవ్వదు, అడగడం మాన్పిస్తుంది అంతే. కాబట్టి క్షేమమే.

కాటా ఇండికేటర్ నుంచి వచ్చే కామ్ పోర్ట్‌ని చదవడానికి అడ్మిన్ అక్కర్లేదు. అయితే యూఎస్‌బీ-టు-సీరియల్ కేబుల్ వాడుతుంటే దాన్ని ఎప్పుడూ ఒకే యూఎస్‌బీ పోర్ట్‌లో గుచ్చమనండి. చవక కేబుళ్లలో సీరియల్ నంబరు ఉండదు, పోర్ట్ మారిస్తే కామ్3 కాస్తా కామ్5 అవుతుంది. దాన్ని డివైస్ మేనేజర్‌లో వెనక్కి మార్చాలంటే అడ్మిన్ కావాలి. రాత్రి పదింటికి లారీ కాటా మీద ఉండగా మీకు ఫోన్ వస్తుంది. ఆ పోర్ట్ మీద ఎర్ర టేపు అంటించండి.

స్పూలర్_రీస్టార్ట్:

ప్రింటర్ గురించి. 2021 ఆగస్టు 10 అప్‌డేట్ నుంచి (కేబీ5005652) ప్రింటర్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయడం డిఫాల్ట్‌గా అడ్మిన్ పని అయింది. ప్రింట్‌నైట్‌మేర్ అనే ప్రింటింగ్ భద్రతా లోపం (సీవీఈ-2021-34527) గొడవ తర్వాత వచ్చిన మార్పు. రిజిస్ట్రీలో రిస్ట్రిక్ట్‌డ్రైవర్‌ఇన్‌స్టాలేషన్‌టుఅడ్మినిస్ట్రేటర్స్ విలువ 0 చేస్తే పాస్‌వర్డ్ అడగదని వీడియోల్లో చెప్తారు. చేయొద్దు. అది ఆ పాత కంతను మళ్లీ తెరవడమే. మిగతా పాయింట్ అండ్ ప్రింట్ (ప్రింటర్ కలిపేటప్పుడు సర్వర్ నుంచి డ్రైవర్ తెచ్చుకునే పద్ధతి) సెట్టింగులు ఎన్ని పెట్టినా దాన్ని 1లో ఉంచినంత రక్షణ రాదని మైక్రోసాఫ్టే చెప్పింది.

అడిగేది డ్రైవర్ కోసం, ప్రింటర్ కోసం కాదు. డ్రైవర్ ముందే సిస్టమ్‌లో ఉంటే యూజర్ ఎవరైనా కనెక్ట్ చేసుకోవచ్చు. కాబట్టి స్టార్టప్ స్క్రిప్ట్‌లో పీఎన్‌పీయుటిల్ /యాడ్-డ్రైవర్‌తో ఐఎన్‌ఎఫ్ (డ్రైవర్ వివరాలుండే) ఫైల్‌ని డ్రైవర్ స్టోర్‌లోకి ఎక్కించి, తర్వాత పవర్‌షెల్‌లో యాడ్-ప్రింటర్‌డ్రైవర్ -నేమ్ అని డ్రైవర్ పేరు ఇవ్వండి. ఆ పేరు ఐఎన్‌ఎఫ్ లోపల ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి, ఒక ఖాళీ తేడా ఉన్నా ఒప్పుకోదు.

సర్వర్ మీద, క్లయింట్ల మీద ఒకే వెర్షన్ ఉండాలి. ఒక రోజు సర్వర్‌లో డ్రైవర్ ఒక్కటీ అప్‌డేట్ చేస్తే మర్నాడు పొద్దున అందరికీ ఒకేసారి ఆ పాస్‌వర్డ్ డబ్బా వస్తుంది. క్లయింట్లకు ముందు పంపి, సర్వర్‌ని చివర మార్చండి.

డీఎస్‌సీ టోకెన్ కూడా ఇంతే. దాని డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయడానికి ఒక్కసారి అడ్మిన్ కావాలి, రోజూ పిన్ కొట్టి సంతకం చేయడానికి అక్కర్లేదు. సర్టిఫికెట్ యూజర్ సొంత స్టోర్‌లోకే వస్తుంది. రాకపోతే సర్టిఫికెట్ ప్రొపగేషన్ సర్వీస్ ఆగి ఉందేమో చూడండి. రిటర్నుల గడువు వారంలో మాత్రం వాళ్ల సిస్టమ్స్ ముట్టుకోవద్దు, నెల మధ్యలో ఖాళీ రోజు చూసుకోండి.

మిర్చియార్డ్_ఐటీ:

పంతులుగారూ, వర్చువల్‌స్టోర్‌లో రెండు ఎండీబీలూ దొరికాయి. ఒకదాంట్లో 11 స్లిప్పులు, ఇంకోదాంట్లో 7. కలిపేశాను. కాటా ఇప్పుడు మామూలు యూజర్‌తో బాగానే నడుస్తోంది.

పైలట్‌గా మూడు సిస్టమ్స్‌కి ల్యాప్స్ పెట్టాను. గెట్-ల్యాప్స్‌ఏడీపాస్‌వర్డ్ -యాజ్‌ప్లెయిన్‌టెక్స్ట్ ఇస్తే పాస్‌వర్డ్ కనిపిస్తోంది. కానీ ఆ పాస్‌వర్డ్‌తో .\అడ్మినిస్ట్రేటర్ అని లాగిన్ అవ్వబోతే అకౌంట్ డిసేబుల్ అయి ఉందంటోంది. ఇంకోటి: జీపీవో వచ్చాక కూడా ఒక యూజర్ ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేస్తూనే ఉన్నాడు.

జీపీవో_గోదారి:

తీసేసే ముందే పరీక్షించారు, అదే కావలసింది. విండోస్ 10, 11లో బిల్ట్-ఇన్ అడ్మినిస్ట్రేటర్ పుట్టుకతోనే డిసేబుల్. ల్యాప్స్ దాని పాస్‌వర్డ్ మారుస్తుంది గానీ దాన్ని ఎనేబుల్ చేయదు. జీపీవోలో విండోస్ సెట్టింగ్స్ → సెక్యూరిటీ సెట్టింగ్స్ → లోకల్ పాలసీస్ → సెక్యూరిటీ ఆప్షన్స్‌లో "అకౌంట్స్: అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ స్టేటస్" ఎనేబుల్డ్ పెట్టండి. ల్యాప్స్ పాలసీలో అకౌంట్ పేరు గడి ఖాళీగా వదిలేయాలి. అప్పుడది పేరుతో కాకుండా ఎస్‌ఐడీ చివరి 500తో బిల్ట్-ఇన్ అకౌంట్‌ని పట్టుకుంటుంది, పేరు మార్చినా సరే.

ఎనేబుల్ చేశారు కాబట్టి దానికి తలుపు ఒకవైపే ఉంచండి. యూజర్ రైట్స్ అసైన్‌మెంట్‌లో "డినై యాక్సెస్ టు దిస్ కంప్యూటర్ ఫ్రమ్ ది నెట్‌వర్క్"కి ఎస్-1-5-114 కలపండి. అడ్మిన్ హక్కులున్న లోకల్ అకౌంట్లన్నీ అందులోకి వస్తాయి. కీబోర్డ్ ముందు కూర్చుని లాగిన్ అవ్వచ్చు, నెట్‌వర్క్ మీద కుదరదు.

వెంటనే పాస్‌వర్డ్ మార్చి చూడాలంటే ఆ సిస్టమ్‌లో రీసెట్-ల్యాప్స్‌పాస్‌వర్డ్. ఈవెంట్ వ్యూయర్‌లో మైక్రోసాఫ్ట్ → విండోస్ → ల్యాప్స్ → ఆపరేషనల్ లాగ్‌లో 10018 పడితే ఏడీలోకి చేరినట్టు, 10020 పడితే లోకల్ అకౌంట్ మీద మారినట్టు. సిస్టమ్‌ని పాత ఇమేజ్ నుంచి రీస్టోర్ చేస్తే మాత్రం పాస్‌వర్డ్ వెనక్కి వెళ్లిపోతుంది, ఏడీలో ఉన్నది పనిచేయదు. దానికోసం ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్ హిస్టరీ సైజ్ కొంచెం పెట్టుకోండి, -ఇన్‌క్లూడ్‌హిస్టరీతో పాతవి చూడొచ్చు.

ఆ యూజర్ సంగతి: లాగిన్ అయినప్పుడు తయారైన టోకెన్‌లో (విండోస్ రాసుకునే హక్కుల చీటీలో) పాత గ్రూపులే ఉంటాయి. సైన్ అవుట్ చేసే దాకా, అంటే సిస్టమ్ లాక్ చేసి ఇంటికెళ్లే మనిషికైతే వారాల తరబడి, అతను అడ్మినే. రీస్టార్ట్ చేయించి మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో హూయామ్ఐ /గ్రూప్స్ ఇవ్వండి. ఎస్-1-5-32-544 (అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు) లైను "గ్రూప్ యూజ్డ్ ఫర్ డినై ఓన్లీ" అని ఉంటే ఇంకా అడ్మిన్ గ్రూపులో ఉన్నట్టే, ఆ మాటే చూసి పోయిందనుకోకండి. పోయిందంటే ఆ లైనే ఉండకూడదు.

ప్రాక్‌మాన్_పంతులు:

రీస్టార్ట్ తర్వాత కూడా ఇన్‌స్టాల్ చేస్తుంటే ఏం ఇన్‌స్టాల్ చేస్తున్నాడో చూడండి. బ్రౌజర్లు, చాట్ యాప్‌లు చాలావరకు యూజర్ యాప్‌డేటాలోకే ఎక్కుతాయి, వాటికి అడ్మిన్ ఎప్పుడూ అక్కర్లేదు. రైట్స్ తీసేస్తే అన్నీ ఆగిపోతాయని ఎండీగారికి చెప్పి ఉంటే ఇప్పుడే ఆ మాట సవరించుకోండి. అవి కూడా ఆగాలంటే యాప్‌లాకర్ (ఏ ప్రోగ్రాములు నడవచ్చో నిర్ణయించే విండోస్ సదుపాయం) కావాలి. ఇప్పుడు ప్రో ఎడిషన్‌లోనూ అమలవుతుంది. కానీ ముందు కొన్ని వారాలు ఆడిట్ మోడ్‌లోనే ఉంచండి. డిఫాల్ట్ రూల్స్ క్రియేట్ చేయకుండా ఎన్‌ఫోర్స్ చేస్తే విండోస్ సొంత ప్రోగ్రాములే తెరుచుకోవు.

లీస్ట్‌ప్రివిలేజ్:

ఎండీ, జీఎం ల్యాప్‌టాప్‌ల గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకని.

వాళ్లతో వాదనకు దిగొద్దు. వాళ్లకు అడ్మిన్ ఇవ్వండి, కానీ వాళ్ల రోజువారీ లాగిన్‌కి కాదు. ఎండీగారికి రెండో అకౌంట్ ఒకటి చేయండి, మెయిల్ బాక్స్ లేకుండా. దాన్ని పైన చెప్పిన పీసీఅడ్మిన్-ల్యాప్‌టాప్‌పేరు గ్రూపులో పెడితే ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే అడ్మిన్. ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే యూఏసీ డబ్బాలో ఆ రెండో పేరు, పాస్‌వర్డ్ కొడతారు. ప్రయాణాల్లో డొమైన్ కంట్రోలర్ అందదు కాబట్టి ఆఫీసులో ఉండగానే ఆ అకౌంట్‌తో ఆ ల్యాప్‌టాప్‌లో ఒకసారి లాగిన్ చేయించండి. లేకపోతే ఆ లాగిన్ వివరం ల్యాప్‌టాప్‌లో దాచి (క్యాష్‌లో) ఉండదు, ఎయిర్‌పోర్ట్‌లో పనిచేయదు. అక్కడి నుంచి వచ్చే ఫోన్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

చేయకూడనివి మూడు. రనాజ్ /సేవ్‌క్రెడ్‌తో షార్ట్‌కట్ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టడం: పాస్‌వర్డ్ ఒకసారి సేవ్ అయితే ఆ యూజర్ అదే పాస్‌వర్డ్‌తో ఏ ప్రోగ్రామ్‌నైనా నడపగలడు, మీరు అనుకున్న ఒక్కదాన్నే కాదు. ఆల్వేస్‌ఇన్‌స్టాల్‌ఎలివేటెడ్ పాలసీ: పేరు చూస్తే పని తేలికైనట్టు ఉంటుంది, ఏ ఎంఎస్‌ఐ అయినా సిస్టమ్ హక్కులతో ఇన్‌స్టాల్ అవుతుంది, అందరినీ అడ్మిన్ చేసినట్టే. మూడోది, యూజర్ సిస్టమ్‌లో చిన్న పనికి డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టడం. ఆ సిస్టమ్‌లో ఏదైనా కూర్చుని ఉంటే మీరు డొమైన్ తాళాలు దాని చేతికిచ్చినట్టు. సపోర్ట్‌కి పీసీ-సపోర్ట్ గ్రూపు అకౌంట్లే వాడండి. వర్క్‌స్టేషన్ల ఓయూ మీద డొమైన్ అడ్మిన్స్‌కి "డినై లాగాన్ లోకల్లీ" పెట్టేస్తే మీ చేయి కూడా అటు పోదు.

పవర్ యూజర్స్ గ్రూపులో పెడితే చాలని ఎవరైనా సలహా ఇస్తే పట్టించుకోవద్దు, విస్టా నుంచీ ఆ గ్రూపుకి చెప్పుకోదగ్గ హక్కులేమీ లేవు.

మిర్చియార్డ్_ఐటీ:

అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ స్టేటస్ ఎనేబుల్ చేశాక మూడు సిస్టమ్స్‌లోనూ లాగిన్ అయింది. ఆ యూజర్ ఎక్కించింది చాట్ యాపే, యాప్‌డేటాలో ఉంది. ఈ శనివారం డెస్క్‌టాప్‌ల్లో సగానికి పంపిస్తాను. చివరిగా ఒకటి: తర్వాత ఎవరైనా సపోర్ట్ మనిషి జాలిపడి ఒక యూజర్‌ని మళ్లీ అడ్మిన్‌లో చేరిస్తే నాకెలా తెలుస్తుంది?

జీపీవో_గోదారి:

అడ్వాన్స్‌డ్ ఆడిట్ పాలసీలో "సెక్యూరిటీ గ్రూప్ మేనేజ్‌మెంట్" సక్సెస్ ఆన్ చేయండి. లోకల్ గ్రూపులోకి ఎవరినైనా చేర్చితే ఆ సిస్టమ్ సెక్యూరిటీ లాగ్‌లో 4732, తీస్తే 4733 పడుతుంది. ఎవరు చేర్చారో, ఎవరిని చేర్చారో రెండూ అందులో ఉంటాయి, కొత్తగా చేరిన మనిషి ఒక్కోసారి పేరుతో కాక ఎస్‌ఐడీగా కనిపిస్తాడు. 46 చోట్ల తిరిగి చూడలేరు కాబట్టి ఈవెంట్ ఫార్వర్డింగ్‌తో ఒక సర్వర్‌కి తెప్పించుకోండి. అంత ఓపిక లేకపోతే మొదట రాసిన ఆ స్టార్టప్ స్క్రిప్ట్‌ని అలాగే ఉంచి, సోమవారం సోమవారం ఆడిట్ ఫోల్డర్‌లో ఫైళ్లను పోయిన వారం వాటితో పోల్చండి. ల్యాప్‌టాప్‌ల ఫైళ్ల తేదీ కూడా చూడండి. తేదీ పాతదైతే అది ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉండగా ఈ మధ్య బూట్ కాలేదన్నమాట, మీ జీపీవో కూడా దానికి అంది ఉండకపోవచ్చు.